పదిహేను ముక్కల బొంత

చలికాలం, 41వ రోజు

ఈ రోజు పదకొండు వడపోత సంచులు కుట్టాను. నాలుగు పాత సంచులు విప్పి, ఎర్రదుమ్ము దులిపి, ఉతికి ఆరేశాను. గాలి బాగానే ఆడుతోంది.

వడపోత గది నమోదు పుస్తకంలో ఇంతవరకు రాస్తే చాలు. మిగతాది నా కోసం రాసుకుంటున్నాను. దీన్ని తిరగేసి చదివే ఓపిక మా సూపర్‌వైజర్ చెల్లారావుకు లేదని నా ధైర్యం.

మధ్యాహ్నం గుమ్మటాల మధ్య తిరిగే సొరంగం బండిలో బొంత ముక్కలు వచ్చాయి. మేం నలుగురం. మొదటి గుమ్మటంలో గౌరుబీ, రెండో గుమ్మటంలో బడి పంతులమ్మ జలజాక్షి, ఈ మూడో గుమ్మటంలో వంటశాలలో పనిచేసే పైడితల్లి, నేను. చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ఒక్కొక్కరం ఒకే రకం ముక్కలు నాలుగు కుడతాం. జానెడు వెడల్పు, జానెడు పొడవు. ఒకటి ఉంచుకుని మిగతా ముగ్గురికీ తలా ఒకటి పంపుతాం. అలా ఏళ్ళు గడిచేసరికి ప్రతివాళ్ళ దగ్గరా నలుగురి చేతి కుట్టూ పోగవుతుంది. అన్నీ కలిపితే బొంత.

నూలుబట్టతోనే కుట్టాలన్నది గౌరుబీ పెట్టిన నియమం. భూమి నుంచి మొదటి ఓడల్లో వచ్చినవాళ్ళు కట్టుకొచ్చిన చీరలు, పంచెలు, తువ్వాళ్ళు చిరిగి చిరిగి ఎవరింట్లోనో గుప్పెడు మిగిలాయి. ఇప్పుడు మేం కట్టుకునేదీ కప్పుకునేదీ నాచుపీచును అచ్చుపోసిన బట్ట. దానికి కుట్టు నిలవదు. చలి ఎక్కువైతే అప్పడంలా పెళుసెక్కుతుంది.

గౌరుబీ ఈసారి పంపిన ముక్క మీద రెండు చేపలున్నాయి. ఆవిడ చేపల్ని ఎక్కడ చూసిందో అడగాలి. ఆరేళ్ళుగా ఆవిడ కుట్లు నా దగ్గరకు వస్తున్నాయి కానీ ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు. సొరంగం బండిలో మనిషి ఎక్కాలంటే పని చూపించాలి. బొంత ముక్కలు పని కిందకు రావు.

అసలు నన్ను ఇందులోకి దించింది సూదులు. గుమ్మటాలన్నిటికీ సూదులు ఇచ్చే సామాను గది ఆవిడ చేతిలో ఉండేది. నేను మూడు విరగ్గొట్టి నాలుగోది అడిగితే, సూదితో పాటు ఒక బొంత ముక్క, ఒక చీటీ పంపింది. "ఇట్టాంటిది ఒకటి కుట్టి పంపు. చెయ్యి నెమ్మదిస్తే సూది విరగదు" అని. అప్పటినుంచి నేను సూది విరగ్గొట్టలేదు.

49వ రోజు

మొదటి గుమ్మటంలో బూజు పట్టింది. గాలి గొట్టాల లోపల, నల్లగా, వేలెడు మందాన. పందొమ్మిది మందికి దగ్గు. పొద్దున్నే తలుపులు మూసేశారు. ఇక బండి లోపలికి సరుకు తీసుకెళ్తుంది, బయటికి ఏదీ తీసుకురాదు. మనుషులు లోపలికి వెళ్ళాల్సి వస్తే తలుపులు తెరిచేదాకా అక్కడే.

మేం రోజుకు ఇరవై సంచులు కుట్టాలని చెల్లారావు చెప్పాడు.

52వ రోజు

తీగ మీద మాట్లాడటానికి మా వంతు వచ్చింది. మొదటి గుమ్మటంతో పది నిమిషాలు. వంటశాల పక్క గదిలో పైడితల్లి, నేను చెవులు ఆనించి కూర్చున్నాం.

"ఏం దాసూ, భోంచేశావా?" అంది గౌరుబీ. నా పేరు మరియదాసు. అంత పొడుగు పిలవడానికి ఆవిడకు ఓపిక ఉండదు.

"నా సంగతికేంలే పెద్దమ్మా. మీకెట్టా ఉంది?"

"వెచ్చదనం తీసేశారయ్యా. చలికి బూజు చస్తదంట. మనుషులు బతికుంటే సరి." నవ్వబోయింది కానీ దగ్గు వచ్చింది. "చెంబులో నీళ్ళు పేరుకుంటన్నయ్. మాకు పర్లేదు, తట్టుకుంటాం. షాహీనకే, నెలలు నిండబోతన్నయ్."

షాహీన ఆవిడ మనవరాలు. భర్త గనుల వైపు ఉన్నాడు. వసంతం వస్తేగాని అతనికి దారి దొరకదు.

"పుట్టిన బిడ్డకి ఏటి కప్పుతారు పెద్దమ్మా?" అని పైడితల్లి అడిగింది.

"పీచుదుప్పట్లు ఉన్నయ్ గదా" అంది గౌరుబీ. అంతలోనే, "రాత్రి నాది మడతపెడితే రెండు ముక్కలైంది" అంది.

పది నిమిషాలూ అయిపోయాయి. పైడితల్లి పైట చెంగుతో ముక్కు తుడుచుకుని, "నీకాడ ముక్కలెన్నున్నాయి అన్నా?" అంది.

53వ రోజు

నా దగ్గర నలభైకి పైగా ఉన్నాయి. పైడితల్లి మాతో చేరి రెండేళ్ళే కాబట్టి ఆమె దగ్గర పదహారు. పని దిగాక నా గదిలో మంచమంతా పరిచాం.

ఉన్నదున్నట్టు రాస్తాను. నా మనసు వెనక్కి లాగింది. ఈ చలికాలం నా బొంత కలుపుదామనుకున్నాను. ఆరేళ్ళుగా వరస మార్చి మార్చి పేర్చుకున్నాను. ఏ ముక్క పక్కన ఏది ఉండాలో కళ్ళు మూసుకుని చెప్పగలను. పైడితల్లి చూడకుండా రెండు చేపల ముక్కను తలగడ కిందకు తోశాను.

ఆమె చూడనే చూసింది.

"బాగున్నవి నీకుంచుకుని, బాగోనివి ఆ పసిగుడ్డుకి పంపుదుమా? నాకు సిగ్గేస్తాది."

"అది కాదు పైడితల్లీ. అడ్డం మూడు, నిలువు అయిదు, పదిహేనే కదా కావాల్సింది."

"మరా పదిహేనులో చేపలుండకూడదేటి?"

తలగడ కింద నుంచి తీసి మంచం మీద పెట్టాను. ఆ తర్వాత తేలికగానే ఎంచాం. ఆమె నాలుగు ఇచ్చింది, నేను పది. పదిహేనోది, సరిగ్గా మధ్యలో వచ్చేది, ఖాళీ వదిలాం. అది గౌరుబీ కొత్తగా కుట్టాలి, కానీ ఆవిడ కుట్టినా తలుపు దాటి రాదు.

55వ రోజు

పైన ముక్కలున్నంత మాత్రాన బొంత కాదు. లోపల పొరలు కావాలి. వడపోత దూది కాస్త ఇమ్మని చెల్లారావును అడిగాను.

"ఎంత కావాలండి?"

"రెండు దోసిళ్ళు."

"దాసుగారూ, రెండు దోసిళ్ళంటే ఒక సంచి. ఆ సంచి ఆ గుమ్మటానికేనండి వెళ్ళేది. ఆ బిడ్డ పీల్చేదీ ఆ గాలే."

అతను చెప్పింది నిజం. కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు చోటు లేకపోయింది.

56వ రోజు

మధ్యాహ్నం భోజనాల వరసలో పైడితల్లి గరిటె పట్టుకుని నిలబడి, పళ్ళెం చాపిన ప్రతివాళ్ళనూ అడిగింది. "మీ ఇంట్లో నూలు గుడ్డ ఏదైనా ఉన్నాదా? ఎంత చిరిగినా పర్వాలేదు. మొదటి గుమ్మటంలో బిడ్డ పుట్టబోతోంది." వడ్డించేటప్పుడు ఎవరూ ఆమెను కాదనలేరు.

సాయంత్రానికి వంటశాల బల్ల మీద పడ్డవి ఇవి: సగం లుంగీ, మూడు తువ్వాళ్ళు, ఒక ముసలాయన అమ్మగారి లోపలి పావడా, ఎప్పుడో బడి వార్షికోత్సవానికి కట్టిన తెర ముక్క, జరీ ఊడిపోయిన చీర అంచు, రంగు ఏమిటో చెప్పలేని చొక్కా. ఒకామె తన పెళ్ళినాటి చీరలో ఆఖరి మూరెడూ తెచ్చి, బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ పెట్టి వెళ్ళింది.

అందరూ వెళ్ళాక చెల్లారావు వచ్చాడు. చంకలో మడత పెట్టిన పంచె. మోకాళ్ళ దగ్గర అతుకులున్నాయి.

"దూది గుమ్మటానిదండి. ఇది మాత్రం మా నాన్నగారిది" అని బల్ల మీద పెట్టి, భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

రెండో గుమ్మటం బండిలో జలజాక్షి అడగకుండానే బెత్తెడు కండె నూలు దారం పంపింది. ఎక్కడ దాచిందో.

58వ రోజు

మళ్ళీ మా వంతు. బొంత సంగతి గౌరుబీకి చెప్పాను.

"మధ్య ముక్క ఖాళీ పెట్టాం పెద్దమ్మా. అది మీదే. మీరు చెప్పండి, నేను కుడతా."

"నీ చేత్తో నా ముక్కా?" అంది. "సరే. సూది తీసుకో. దారం ఒంటిపేట."

తెల్ల చతురస్రం, దాని నాలుగు పక్కలా నీలం త్రికోణాలు. ఆ చతురస్రం మీద అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలి, నత్తగుల్లలాగా. ఆవిడ చెబుతుంటే నేను కుట్టాను. పైడితల్లి తీగను నా చెవికి ఆనించి పట్టుకుంది.

"కుట్టు ఎంత పడతంది?"

"బియ్యపుగింజంత."

"ఎంత బిగించావు?"

"బాగానే బిగించా."

"అదే తప్పు" అంది. "నువ్వు కుట్టేది వడపోత సంచి కాదు దాసూ. సంచిలో దుమ్ము దూరకూడదని పీక నొక్కినట్టు కుడతావు. బొంతలో గాలి నిలవాలయ్యా. పొరల మధ్య ఆగిన గాలే వెచ్చన. నువ్వు బిగిస్తే పొరలు అతుక్కుపోతయ్, ఆ బిడ్డకు రాతిపలక కప్పినట్టు. విప్పు."

విప్పాను. ఆరేళ్ళుగా నా ముక్కలు చూసి ఆవిడ ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అవి గోడకు తగిలించుకునే ముక్కలనుకున్నా. ఇది కప్పుకునేది" అంది. అప్పుడు దగ్గు తెర మొదలై, ఆగలేదు. మిగిలిన మూడు నిమిషాలూ ఆ దగ్గే విన్నాం.

61వ రోజు

ఈసారి తీగ మీద షాహీన మాట్లాడింది. నానమ్మ గొంతు పోయిందట. పక్కనే కూర్చుని వేలితో తన అరచేతిలో కుట్టు తిరిగే దారి గీసి చూపిస్తోందట.

"ఇంకో రెండు చుట్లంట మామా. ఆఖరి చుట్టు మధ్యదాకా తీసుకెళ్ళొద్దంటోంది. చివర్న చిన్న ఖాళీ వదలాలంట."

"ఎందుకంట?"

"చెప్పట్లేదు. వదలమంటోంది, అంతే."

వదిలాను.

63వ రోజు

మొదటి గుమ్మటం వడపోత మనిషి పడకేశాడు. అతని సహాయకుడు నిన్న చనిపోయాడు. అక్కడ సంచులు మార్చేవాళ్ళు లేరు. మేం పంపిన సంచులన్నీ తలుపు లోపల గుట్టగా పడున్నాయట.

సంచులు కుట్టే మా అయిదుగురినీ చెల్లారావు నిలబెట్టాడు. "ఒకరు వెళ్ళాలండి. వెళ్ళినవాళ్ళు తలుపులు తెరిచేదాకా రాలేరు. చలికాలం అంతా పట్టొచ్చు. నేను ఎవరి పేరూ చెప్పను."

మిగతా నలుగురికీ పిల్లలున్నారు. నాకు లేరు. అందుకే చెయ్యెత్తానని అందరూ అనుకున్నారు. నిజానికి ఆ క్షణంలో నాకు భయం తప్ప ఏమీ గుర్తులేదు. ఆ దగ్గు చెవుల్లో ఉంది. చెయ్యి లేచాక, లేచింది నా చెయ్యేనా అని చూసుకున్నాను.

పైడితల్లికి చెప్పాను. ఆమె పెద్ద గిన్నె తోముతోంది. తోమడం ఆపలేదు.

"నీకేటైనా అయితే నాకెవులు ముక్కలు పంపుతారు?"

"జలజాక్షి ఉందిగా."

"ఆవిడ కుట్లు వంకర" అని, గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని నా గదికొచ్చింది. పెళ్ళిచీర గుడ్డతో బొంత నాలుగు అంచులూ మడిచి కుట్టడం మిగిలుంది. రెండు అంచులు ఆమె, రెండు అంచులు నేను, ఎదురెదురుగా కూర్చుని వీపులు నొప్పెట్టేదాకా కుట్టాం. అయిపోయాక ఆమె దాన్ని తన భుజం మీద కప్పుకుని, కళ్ళు మూసుకుని, వంద లెక్కపెట్టేంతసేపు కూర్చుంది.

"వెచ్చగుంది" అని చెప్పి ఇచ్చేసింది.

64వ రోజు

పొద్దున ఈ పుస్తకంతో సహా బండెక్కాను. తలుపు నా వెనక మూసుకుంది.

లోపల చలి మొదట పళ్ళకు తెలిసింది. గోడల మీద మంచుపొర. మనుషులు ఉన్నవన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, తెడ్లలా చేతులు దూరంగా పెట్టి నడుస్తున్నారు. బొంత నా చొక్కా లోపల పొట్టకు చుట్టుకున్నాను. నేరుగా గౌరుబీ దగ్గరకు పోవాలనిపించింది కానీ ముందు గాలి. పన్నెండు గొట్టాల్లో సంచులు మార్చాను. పాతవాటిలో బూజు తడి బొగ్గులా ఉంది. మూతికి గుడ్డ కట్టుకున్నా వాసన లోపలికి వచ్చింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆవిడ గది వెతుక్కుంటూ వెళ్ళాను.

నేను ఊహించుకున్న మనిషి పొడుగ్గా, గంభీరంగా ఉండేది. మంచం మీద కూర్చున్న ఈవిడ బడిపిల్లంత ఉంది. తెల్లటి జుట్టు, పెద్ద చెవులు, చాలా పెద్ద కళ్ళు. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది. నేనే వెళ్ళి మంచం పక్కన కింద కూర్చున్నాను. ఆవిడ నా కుడిచెయ్యి తీసుకుని, బొటనవేలి మీద సూది గుచ్చుకున్న కాయలు తడిమి, తల ఊపింది. దాసువి నువ్వే అన్నట్టు.

ఆవిడ గొంతు ఇంకా రాలేదు.

బొంత తీసి ఆవిడ ఒళ్ళో పరిచాను. దీపం వెలుగు చాలకో, కళ్ళు ఆనకో, ఆవిడ దాన్ని చేత్తోనే చూసింది. చేపల దగ్గర ఆగింది. పెళ్ళిచీర అంచు దగ్గర ఆగింది. మధ్య ముక్క మీద చుట్టూ తిరుగుతూ వచ్చి, చివర ఖాళీలో వేలు పెట్టి కాసేపు ఉంచింది. తర్వాత కింది అంచులో ఒకచోట వేలు నిలిపి, నా వైపు చూసి, గోటితో రెండుసార్లు గీరింది.

"బిగుసుకుపోయిందంటోంది" అంది షాహీన. ఆ పిల్ల పొట్ట మీద చేతులు పెట్టుకుని గోడకు ఆనుకుని నవ్వుతోంది.

ఆ అంచు నేను భయంతో కుట్టింది, నిన్న. సూది తీసి విప్పాను. ఆవిడ బట్ట పట్టుకుంది, నేను మళ్ళీ వదులుగా కుట్టాను.

66వ రోజు

భోజనాలకు ముందు ఆడపిల్ల పుట్టింది. నీలంగా పుట్టిందని మంత్రసాని బయటికి వచ్చి చెప్పింది. బొంత లోపలికి తీసుకెళ్ళింది. నేను పోయి అయిదో గొట్టం సంచి మార్చాను. అది మార్చాల్సిన పని లేదు. ఊరికే నిలబడలేక.

తిరిగి వచ్చేసరికి ఏడుపు వినిపిస్తోంది. బొంతలోంచి బయటికి కనిపించేది ముక్కు మాత్రమే. అది ఎర్రగా ఉంది.

80వ రోజు

పన్నెండు గొట్టాలు. దగ్గేవాళ్ళు ఎనిమిది మంది. ఇంకొకరు పోయారు, వడపోత మనిషే. అతని పేరు మీదున్న పనిముట్లు నాకిచ్చారు. వాటి పిడులు అతని చేతికి తగ్గట్టు అరిగి ఉన్నాయి.

నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. గౌరుబీ తన వంతు జావలో సగం నా గదికి పంపిందని తర్వాత తెలిసింది.

91వ రోజు

గౌరుబీకి గొంతు కొద్దిగా వచ్చింది. గుసగుస, అంతే. పిల్ల నిద్రపోతుంటే పక్కన కూర్చుని అడిగాను, ఆ మధ్య ముక్కలో ఖాళీ ఎందుకు వదలమన్నారని.

"ఎందుకేంది" అంది. "దారం అయిపోద్దేమోనని. ఉన్నకాడికి అంచులకు దాచిపెట్టుకోవాలిగా."

నేను ముప్ఫై రోజులుగా దానికి ఏవేవో అర్థాలు అల్లుకున్నాను. ఆవిడకు చెప్పలేదు.

103వ రోజు

బూజు చచ్చిందని నిన్న పరీక్షలో తేలింది. ఈ రోజు పొద్దున వెచ్చదనం తెరిచారు.

మొదట గొట్టాలు మూలిగాయి. తర్వాత గోడల మీది మంచు జారి, గుమ్మటమంతా చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. జనం గిన్నెలు, తట్టలు పట్టుకుని పరుగెత్తారు. మధ్యాహ్నానికి ఒకరొకరే పై బట్టలు విప్పుకుని, ఎంత సన్నబడ్డామో చూసుకుని నవ్వుకుంటున్నారు. తలుపులు ఇంకో వారానికి తెరుస్తారట. పైడితల్లికి కబురు పంపాను.

సంచులు మార్చి గౌరుబీ గదికి వెళ్ళాను. షాహీన తలంటుకోవడానికి వెళ్ళింది. పిల్ల మంచం మీద ఉంది. ముఖం చిట్లించి, గట్టిగా ఊపిరి పీల్చి, రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తి బొంతను తన్నింది. అది పక్కకు జారింది. నేను గబుక్కున వంగి మళ్ళీ కప్పాను. మళ్ళీ తన్నింది. మూడోసారి కప్పబోతుంటే గౌరుబీ నా మణికట్టు పట్టుకుంది.

"వదిలెయ్ దాసూ. దానికి ఉక్కపోస్తాంది."

ఆ మాట ఈ గుమ్మటంలో ఎవరి నోటా వినలేదు, నేను వచ్చిన దగ్గర్నుంచీ. బొంతను మడిచి నా ఒళ్ళో పెట్టుకున్నాను. పిల్ల ఒంటి మీద ఏమీ లేకుండా, మంచం మధ్యన, కాళ్ళు ఆడిస్తూనే ఉంది.